కేథడ్రల్‌ల సౌందర్యం – మన ఊరి గజపృష్ఠం

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, నాకు మొట్టమొదట జ్ఞాపకం వచ్చినది నేను తరగతిలో తప్పుగా చెప్పిన ఒక సమాధానం. కొన్నేళ్ల క్రితం తొమ్మిదో తరగతికి మధ్యయుగ యూరప్ పాఠం చెబుతూ, ఫ్రాన్సు దేశంలోని షార్త్ర్ కేథడ్రల్ చిత్రపటాన్ని గోడకు తగిలించాను. ఒక బాలిక లేచి, "టీచర్, ఇట్లాంటి గొప్ప కట్టడం చూడాలంటే అంత దూరం పోవలసిందేనా?" అని అడిగింది. "అవునమ్మా" అన్నాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లిన తరువాతగాని నా పొరపాటు నాకు తెలియలేదు.

కేథడ్రల్ అనగా బిషప్ ఆసనం ఉండే ప్రధాన చర్చి. 12వ శతాబ్దానికి పూర్వం యూరప్‌లోని పెద్ద చర్చిలకు మందమైన గోడలు, గుండ్రని కమానులు, చిన్న కిటికీలు ఉండేవి. కప్పు బరువంతా గోడలే మోయవలసి వచ్చేది. ఆ తరువాత గోథిక్ శిల్పులు కమానును పైన మొనదేలేటట్లు కట్టారు. కప్పు బరువును సన్నని రాతి పక్కటెముకల ద్వారా స్తంభాలకు దించారు. స్తంభాలు పక్కలకు ఒరగకుండా బయటి నుండి వంపు తిరిగిన రాతి ఆసరాలు నిలిపారు. బరువు మోసే పని తప్పడంతో, గోడ ఉండవలసిన చోట రంగుటద్దాల పెద్ద కిటికీలు వచ్చాయి. 1194లో మంటలకు ఆహుతి అయిన షార్త్ర్ కేథడ్రల్ ఒక్క తరం కాలంలోనే ఈ పద్ధతిలో తిరిగి లేచింది. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ దాని అద్దాలను విప్పి భద్రపరచారు. కనుకనే నాటి నీలిరంగు వెలుగు నేటికీ ఆ నేలపై పడుతున్నది.

జర్మనీలోని కొలోన్ కేథడ్రల్‌కు 1248లో పునాది వేశారు. మధ్యలో శతాబ్దాల తరబడి పని ఆగిపోయింది. 157 మీటర్ల ఎత్తు గోపురాలతో అది పూర్తి అయినది 1880లో. అంటే 632 సంవత్సరాలు. పారిస్‌లోని నోత్రదామ్ కొయ్యకప్పు 2019 ఏప్రిల్ 15న కాలిపోయింది. దాని కింది రాతికప్పు మాత్రం చాలా వరకు నిలిచింది. ఆనాటి తాపీవారి లెక్క ఎంత గట్టిదో అప్పుడు లోకమంతా చూచింది. అయిదేళ్లు మరమ్మతు చేసి, 2024 డిసెంబరులో దానిని మళ్లీ తెరిచారు.

ఇటువంటివి మనకు బొత్తిగా దూరం కావు. తిరుత్తణిలో రైలెక్కి చెన్నై చేరితే, గోథిక్ పద్ధతిలో 1896లో కట్టిన శాంథోమ్ కేథడ్రల్ ఉన్నది. తెలుగునాట మెదక్ కేథడ్రల్ ఉన్నది. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఆంగ్ల మిషనరీ, కరువు రోజులలో ఆకలిగొన్న ప్రజలకు పని, అన్నం కల్పించదలచి దానిని కట్టించాడు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠితమైంది. దాని గోపురం ఎత్తు 175 అడుగులు. ఆ రాళ్లు మోసినది మన తెలుగు పల్లెల కూలీలే. చరిత్ర పుస్తకాలలో వారి పేర్లు లేవు.

ఇక నేను చెప్పిన తప్పు సమాధానం సంగతి. షార్త్ర్ పటాన్ని పైనుండి చూచినట్లు గీస్తే, తూర్పు కొస అర్ధచంద్రాకారంగా కనబడుతుంది. రోమనుల సభామందిరాల నుండి క్రైస్తవులు ఈ రూపాన్ని గ్రహించారు. యాత్రికులు బలిపీఠం వెనుకగా తిరిగి వచ్చేందుకు ఆ వంపు వెంబడి దారి కట్టారు. మన దేశంలోనూ ఈ రూపం ప్రాచీనమైనదే. కార్లే గుహాచైత్యంలో రెండు వరుసల స్తంభాలు, వాటి కొసన అర్ధవలయంలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణ మార్గం ఉన్నాయి. నాగార్జునకొండ ఇటుక చైత్యాలు, చేజెర్ల కపోతేశ్వరాలయం, మనకు సమీపంలోని గుడిమల్లం పరశురామేశ్వరాలయం ఈ కోవలోనివే. కేథడ్రల్ కట్టినవారు వీటిని చూచి నేర్చుకున్నారనడానికి ఆధారం లేదు. పవిత్రమైన దాని చుట్టూ మనుషులు నడవడం రెండు చోట్లా ఉన్నది. ఆ నడకకు మూలలు లేని గోడ అనువుగా ఉన్నది.

అటువంటి గోడ మన తిరుత్తణిలోనే ఉన్నది. 365 మెట్లెక్కి మురుగన్ దర్శనానికి పోయే లక్షలాది భక్తులలో, కొండ కింద ఉన్న వీరట్టానేశ్వరాలయాన్ని చూచేవారు కొద్దిమంది. 9వ శతాబ్దం చివర, పల్లవరాజు అపరాజితవర్మ 18వ పాలనా సంవత్సరంలో, నంబి అప్పి అనే ఆయన దీనిని నల్లరాతితో కట్టించాడని శాసనం చెబుతున్నది. రాజు స్వయంగా రచించిన తమిళ పద్యం కూడా అక్కడ చెక్కి ఉన్నది. విమానం వెనుక భాగం ఏనుగు వీపు వలె వంపు తిరిగి ఉంటుంది. అందుకే శిల్పశాస్త్రజ్ఞులు దీనిని గజపృష్ఠం అన్నారు. వంపు గోడకు ప్రతి రాయినీ వంపుగానే చెక్కవలె. ఒక్కటి తప్పినా పక్కరాయి అతకదు. షార్త్ర్ కంటె 300 ఏళ్లు ముందే మన ఊరి శిల్పులు ఈ విద్యలో ఆరితేరి ఉన్నారు.

మరుసటి వారం ఆ తరగతిని అక్కడికి నడిపించుకొని వెళ్లాను. ప్రశ్న అడిగిన బాలిక గోడ వెంబడి నడిచి వచ్చి, "ఎక్కడ తిరిగామో తెలియలేదు టీచర్!" అన్నది. అంతకు మించిన పాఠం నేను చెప్పలేకపోయాను. ఎన్నో ఏళ్లుగా ఆ దారిన పోతూ కూడా పిల్లలకు దానిని చూపలేదే అని సిగ్గుపడ్డాను.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నేడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్నది. సరిహద్దు మారినా గుడి మారలేదు, మన బడీ మారలేదు. ఆ శాసనాల భాష తమిళం, మన ఇంటి భాష తెలుగు. రెండూ నేర్చుకొంటున్న మన పిల్లలకు రెండింటి వారసత్వమూ చెందుతుంది. తెలుగులో పాఠం వినే పిల్లలు తగ్గిపోతున్న ఈ రోజులలో, గొప్పదనమంతా ఎక్కడో దూరాన, మరెవరి భాషలోనో ఉన్నదనే భావం వారికి కలగనీయరాదు. కేథడ్రల్‌లను ప్రేమతో చదవండి. వీలైతే ఒకనాడు వెళ్లి చూడండి. దానికి ముందు కొండ కింది గుడి చుట్టూ ఒక్కసారి నడిచి రండి. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులు ఈసారి తిరుత్తణికి వచ్చినప్పుడు తమ పిల్లలను అక్కడికి తీసుకువెళ్లగలరని ఆశిస్తున్నాను.