అర్జీ కాగితం మీద జలగలు

ఉద్యోగం కోసం మనిషి తన గురించి తాను రాసుకునే కాగితానికి మనవాళ్లు ఎన్ని పేర్లు పెట్టారో చూడండి. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ గనక 1948 దాకా మా ధర్మపురి వైపు దాన్ని దరఖాస్తు అనేవారు. తర్వాత అప్లికేషన్ అయింది, ఆ తర్వాత బయోడేటా. ఇప్పుడు రెజ్యూమే. ఈ చివరిది ఫ్రెంచి మాట. సంగ్రహం అని అర్థం. పేరు మారినప్పుడల్లా కాగితం నునుపు పెరిగింది గాని లోపలి సరుకు పెరిగిందా అంటే నాకు అనుమానమే.

నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన పాపానికి మా వీధి పిల్లలు ఇలాంటి కాగితాలు నాకు తెచ్చి చూపిస్తుంటారు. ఈమధ్య ఒకమ్మాయి బీఎస్సీ నర్సింగు పూర్తిచేసి వచ్చింది. తల్లి బీడీలు చుట్టి చదివించింది. తెచ్చిన కాగితాలు రెండు పేజీలు. మొదటి దాన్నిండా తండ్రి పేరు, మతం, ఎత్తు, కాలక్షేపాలు! ఆస్పత్రికి పంపాలో పెళ్లిళ్ల పేరయ్యకు ఇవ్వాలో తెలియని కాగితం. రెండో పేజీలో కష్టపడే స్వభావం, నిజాయితీ, అందరితో కలిసిపోయే గుణం. ఈ మూడూ లేవని రాసుకున్నవాణ్ని నేనింతవరకు చూడలేదు.

"మరి నాలుగేండ్లు ఏం జేసినవు బిడ్డా?" అన్నాను.

"సదువుకున్న సారూ. ఎక్స్‌పీరియన్స్ ఏడిది?"

"వార్డుకు పోలేదా?"

"పోకుంటె ఎట్ల?" అంటూ మొదలుపెట్టింది. మెడికల్ వార్డు, సర్జికల్ వార్డు, కాన్పుల గది, పిల్లల వార్డు, ఊళ్లలో ఇంటింటికీ తిరగడం, నైట్ డ్యూటీలు. సెలైన్ ఎక్కించడం, బీపీ, నాడి చూసి చార్టులో రాయడం, పుట్టిన బిడ్డను తుడిచి తల్లి పక్కన పెట్టడం. కాన్పుల రికార్డు పుస్తకంలో ఒక్కొక్క కేసుకూ తేదీ, సంతకం ఉన్నాయట. వీటిలో ఒక్క ముక్కయినా ఆ రెండు పేజీల్లో ఉంటే ఒట్టు!

ఈ చిక్కు పాతదే. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుమీద 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి పెట్టినప్పుడు, శిక్షణలో ఉన్న ప్రతి అమ్మాయికీ నెలనెలా నింపే ఒక పట్టీ ఉండేది. అందులో ఒక భాగం నడవడిక: వేళకు రావడం, నెమ్మది, నమ్మకం, శుభ్రత. రెండో భాగం పని. పుండ్లకు కట్లు కట్టడం, పక్క వేయడం, కదల్లేని రోగిని చూసుకోవడం, పథ్యం వండటం, రోగిని గమనించడం. అన్నట్టు, జలగలు పట్టించడం కూడా! ఒక్కొక్క పనికీ బాగు, మధ్యస్థం, లోపం అంటూ తూకం వేసేవారు. నడవడికను మరొకరు చూసి రాశారు, పనిని లెక్కపెట్టి రాశారు. మన పిల్లలేమో నడవడికను తామే రాసుకుని పనిని వదిలేస్తున్నారు.

లియొనార్డో డావించి 1482 ప్రాంతాల మిలాన్ పాలకుడికి పంపేందుకు తయారు చేసుకున్న ఉత్తరం ఒకటుంది. అంతటి చిత్రకారుడు, బొమ్మల సంగతి చివరికి నెట్టేశాడు! ముందంతా వంతెనలు, ఫిరంగులు, కోటల ముట్టడి. ఆ ప్రభువుకు యుద్ధాల బెంగ ఉందని ఆయనకు తెలుసు. ఎవరికి రాస్తున్నామో తెలిసి రాయడమంటే అదీ. అంతదూరం ఎందుకు, మా ఊరి శేషప్పకవి నరసింహశతకంలో పద్యం పద్యం చివరా స్వామి పేరు, ఊరి పేరు పెట్టాడు. మన వాళ్ల కవరింగ్ లెటరేమో 'అయ్యా లేక అమ్మా' అని మొదలై ఏ ఆస్పత్రికైనా సరిపోతుంది, గంపగుత్త శుభలేఖలాగా.

అందుకని ఆ పిల్లతో ఎత్తు, మతం, కాలక్షేపాలు కొట్టేయించాను. డిగ్రీ, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషను నంబరు పైకి వచ్చాయి. ఏ వార్డులో ఎన్ని వారాలు, ఏ పని సొంతంగా చేసింది, ఏది సిస్టరు పక్కనుండగా చేసింది, వేరువేరుగా రాయించాను. ఈ తేడా దాచకూడదు. రోగి ప్రాణంతో పని కదా! ఉత్తరంలో మాత్రం ఆ ఆస్పత్రి పేరు, అక్కడ ఏ వార్డుకు మనిషి కావాలన్నారో ఆ వార్డు పేరు, ఆ వార్డుకు పనికొచ్చే తన రెండు అనుభవాలు. అంతే, ఒక పేజీ. జపాన్‌కో జర్మనీకో పోదామనుకుంటే ఫొటో, తేదీల వరుస వాళ్ల పద్ధతిలో వేరే తయారు చేసుకోవాలి. అది మరో పురాణం.

కాగితం బాగుంటే తలుపు తెరుచుకుంటుందని మాత్రం నేను చెప్పలేదు. మేరీ సీకోల్ జమైకా మనిషి. పనామాలో కలరా రోగులకు సేవ చేసింది, యోగ్యతాపత్రాలూ ఉన్నాయి. 1854లో క్రిమియా యుద్ధానికి నర్సుగా పోతానంటే లండన్‌లో ఆమెను తీసుకోలేదు. తన ఒంటిరంగే కారణమా అని 1857లో అచ్చయిన తన పుస్తకంలో ఆమే అడిగింది. ఊరుకోలేదు లెండి, సొంత ఖర్చుతో పోయి, బాలక్లావా దగ్గర సైనికులకు బస పెట్టి, గాయాలకు కట్లు కట్టింది. 2016లో లండన్‌లో ఆమె విగ్రహం నిలబెట్టారు. ఎక్కడంటారా? సెయింట్ థామస్ ఆస్పత్రి ఆవరణలో.