సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒప్పందాల చట్టబద్ధత

సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒప్పందం అనగా ఒక కంప్యూటర్ ప్రోగ్రామును ఏ షరతులకు లోబడి వాడుకోవచ్చునో తెలుపుతూ హక్కుదారుకు, వాడుకరికి మధ్య కుదిరే ఒప్పందం. సీడీ పెట్టెను తెరవడమే అంగీకారమని పేర్కొనేది ష్రింక్‌ర్యాప్ ఒప్పందం. తెరపై "అంగీకరిస్తున్నాను" అనే మీటను నొక్కించేది క్లిక్‌ర్యాప్ ఒప్పందం. షరతులు చదవకపోయినా భారతదేశంలో ఈ ఒప్పందాలు సాధారణంగా చెల్లుతాయి. అయితే వాటిలోని ప్రతి షరతూ చెల్లదు.

చట్టపరమైన ఆధారం

వీటికి ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే వర్తిస్తుంది. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, స్వేచ్ఛాయుత సమ్మతి ఉండాలి. సమాచార సాంకేతిక చట్టం, 2000 లో 2008 నాటి సవరణ ద్వారా చేరిన 10ఎ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు.

ఆంధ్ర ప్రదేశ్ కేసు

ప్యాకేజీ సాఫ్ట్‌వేరుపై ఆంధ్ర ప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం, 1957 క్రింద పన్ను విధించగా టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ సవాలు చేసింది. సాఫ్ట్‌వేర్ రూపం లేని మేధోసంపత్తి అనీ, సరుకు కాదనీ వాదించింది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ వాదనను త్రోసిపుచ్చింది. సీడీ వంటి మాధ్యమంపై చేర్చి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని తీర్పునిచ్చింది. ఇది పన్నుకు సంబంధించిన తీర్పు. లైసెన్సు షరతుల చెల్లుబాటును నిర్ణయించలేదు. మరొక పన్ను వివాదంలో 2021 మార్చి 2న అదే న్యాయస్థానం, తుది వాడుకరికి వాడుకునే అనుమతి మాత్రమే లభిస్తుందనీ, కాపీరైటు బదిలీ కాదనీ పేర్కొన్నది.

పరిమితులు

* 18 ఏళ్ళు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ప్రీవీ కౌన్సిల్ 1903 లోనే ఈ సూత్రాన్ని స్థిరపరచింది.
* చట్టవిరుద్ధమైన ఉద్దేశం గల షరతు 23వ సెక్షను ప్రకారం, న్యాయస్థానానికి వెళ్ళే హక్కును పూర్తిగా హరించే షరతు 28వ సెక్షను ప్రకారం చెల్లవు. అయితే వివాదాన్ని మధ్యవర్తిత్వానికి అప్పగించే షరతు చెల్లుతుంది.
* వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద అన్యాయమైన షరతులను రాష్ట్ర, జాతీయ కమిషన్లు రద్దు చేయవచ్చు.
* చట్టబద్ధంగా పొందిన ప్రోగ్రాము పాడైతే పనికివచ్చేలా అదనపు ప్రతిని దాచుకోవడం కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం ఉల్లంఘన కాదు.

ఇతర దేశాలలో

అమెరికాలో ప్రోసీడీ కేసులో (1996) ష్రింక్‌ర్యాప్ ఒప్పందం చెల్లుతుందని అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. నెట్‌స్కేప్ కేసులో (2002) మాత్రం, డౌన్‌లోడు మీటకు దిగువన కంటబడకుండా ఉంచిన షరతులకు వాడుకరులు కట్టుబడనక్కరలేదని మరొక అప్పీలు న్యాయస్థానం నిర్ణయించింది. అంగీకారానికి ముందు షరతుల ఉనికి వాడుకరికి తెలిసే అవకాశం ఉన్నదా అనేది ఆ కేసులో కీలకాంశమైనది.