లోపమే అలంకారమైన కథ

పండుగకో, పెండ్లికో వచ్చిన కార్డును కండ్లు మూసుకొని వ్రేలితో తడిమి చూడండి. నేటి కార్డులలో చాలా భాగము నున్నగా ఉండును. కొన్నిటిలో మాత్రము అక్షరములు కాగితములోనికి దిగి, సన్నని గాడులవలె వ్రేలికి తగులును. అమెరికా, ఇంగ్లండు దేశములలో ఒకరిద్దరు మాత్రమే పనిచేయు చిన్న అచ్చుశాలలు ఇట్టి శుభాకాంక్షల కార్డులను తయారుచేసి జీవించుచున్నవి. ఒకనాడు పాత ఇనుముగా తూచి అమ్మిన యంత్రములే వాటికి ఆధారము. పారవేసిన యంత్రము మరల అన్నము పెట్టుట ఎట్లు సాధ్యమైనది?

1843లో లండను నగరమున హెన్రీ కోల్ అను ఆయన, హార్స్‌లీ అను చిత్రకారునిచే బొమ్మ గీయించి, మొదటి క్రిస్మస్ కార్డును అమ్మకమునకు పెట్టెను. దానిని శిలాముద్రణచేసి చేతితో రంగులు వేసిరి. వెల ఒక షిల్లింగు. సామాన్యునికి అది ఎక్కువే. చిన్న కాగితములను చౌకగా అచ్చువేయుటకు చిన్న యంత్రము కావలసి యుండెను. 1850 తరువాత న్యూయార్కులో జార్జ్ గోర్డన్ అట్టి యంత్రమును రూపొందించెను. ఒక పలకపై సిరా పూసిన అచ్చు, ఎదుటి పలకపై కాగితము ఉండును. కాలితో మీట తొక్కుచుండగా రెండు పలకలును ఆల్చిప్పవలె తెరచుకొని మూసుకొనును. నేర్పరి గంటకు సుమారు 1,000 ప్రతులు తీయగలడు. చేయి తీయుట క్షణము ఆలస్యమైనచో వ్రేళ్ళు నలుగును. క్లీవ్‌లాండులో 1881లో ఏర్పడిన చాండ్లర్ అండ్ ప్రైస్ కంపెనీ ఈ జాతి యంత్రములను 1964 వరకు తయారుచేసినది. మన ఊళ్ళలో శుభలేఖలు, కరపత్రములు అచ్చువేసిన ‘ట్రెడిల్’ కూడ ఈ జాతిదే.

అచ్చు అక్షరములు సీసము, తగరము, ఆంటిమొనీ కలిసిన మిశ్రలోహముతో పోతపోసినవి. సీసము ఒక్కటే అయిన మెత్తన. 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. ఆంటిమొనీ దానికి గట్టితనమిచ్చి, చల్లారునపుడు కుదించుకొనుటను తగ్గించును. కనుక అక్షరపు అంచులు చక్కగా వచ్చును. అయినను గట్టిగా నొక్కినచో అక్షరము అరిగిపోవును. తెలుగులో గుణింతములు, వత్తులు కలిసి కేసులలో వందలకొలది అచ్చులు ఉండవలెను. అవియే యజమాని పెట్టుబడి. అందుచేత కాగితమును సిరా తాకీ తాకనట్లు ముద్రించుటే మంచి పనివాని లక్షణము. వెనుకవైపు ఉబ్బు కనబడినచో అది తప్పు.

ఇరువదవ శతాబ్దములో ఆఫ్‌సెట్ ముద్రణ వ్యాపించెను. అందులో రబ్బరు గుడ్డ మీదుగా సిరా కాగితమునకు చేరును. ఒత్తిడి గుర్తు పడదు. కంప్యూటరు కూడ తోడగుటతో శతాబ్దము ముగియులోగా మన పట్టణములలోను ట్రెడిళ్ళు మూలపడినవి. అక్షరములను కరగించి సీసముగా అమ్మిరి. కంపోజిటర్లు పలువురు వేరు పని వెదకుకొనవలసి వచ్చెను.

యంత్రమును కాపాడినది రసాయనశాస్త్రము. 1950 దశకము చివరలో డ్యూపాంట్ కంపెనీ ఫోటోపాలిమరు పలకలను ముద్రణకు తెచ్చెను. ఈ పదార్థముపై అతినీలలోహిత కిరణములు పడినచోట అణువులు గొలుసులుగా ముడిపడి గట్టిపడును; పడనిచోట మెత్తగా మిగులును. నేడు వాడుకలోనున్న పలకలలో ఆ మెత్తని భాగము నీటితోనే కడిగిన పోవును. మిగిలిన ఉబ్బెత్తు రూపమే అచ్చు. దానిని అల్యూమినియము దిమ్మపై అంటించిన, పాత అక్షరముల ఎత్తునకు, అనగా సుమారు 23.3 మిల్లీమీటర్లకు, సరిపోవును.

పలక అరిగినచో మరియొకటి చేసికొనవచ్చును. కనుక నొక్కుటకు భయము లేదు. ప్రత్తి పీచుతో చేసిన మందపు కాగితము మెత్తగా లోనికి దిగును. 1990 దశకమునుండి అమెరికాలో పెండ్లి పత్రికలు వేయించువారు ఈ లోతైన అచ్చును కోరి డబ్బిచ్చిరి. నాటి తప్పు నేటి అలంకారమైనది!

ఇందులో భౌతికశాస్త్రమును కలదు. ఒత్తిడి అనగా బలమును వైశాల్యముతో భాగించగా వచ్చునది. అదే బలముతో నొక్కినపుడు పది చదరపు అంగుళముల రంగుపట్టీకంటె, ఒక చదరపు అంగుళము విస్తీర్ణముగల సన్నని గీతలపై ఒత్తిడి పది రెట్లుండును. ఈ కార్డులలో సన్నని గీతల బొమ్మలు ఎక్కువగుటకు ఇది యొక కారణము.

లెక్క చూడండి: రెండు రంగులలో 200 కార్డులకు ఒక్కొక్క రంగునకు వేరుగా, మొత్తము 400 సార్లు నొక్కవలెను. యంత్రము నడచునది అరగంటలోపే. పలకను సరిచూచుకొనుటకు, సిరా కలుపుటకు, యంత్రము కడుగుటకు పట్టు కాలమే ఎక్కువ. కనుక ఈ అచ్చుశాల చౌకదనములో ఆఫ్‌సెట్‌తో పోటీపడలేదు. చేతిపని విలువ తెలిసినవాడు కొన్ననే నిలుచును.

తెలుగునకు ఇందొక మేలు కలదు. ఇపుడు వందల అచ్చులు పోతపోయనక్కరలేదు. చేతివ్రాతతో వ్రాసిన తెలుగు కూడ పలకగా మారును. కాని యంత్రము ఉండవలెను, దానిని నడుపు చేయి ఉండవలెను. మీ ఊరిలో ట్రెడిల్ ఒకటి మూలబడి యున్నచో, పాత ఇనుము బండి వచ్చులోపల విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళండి. దానిని నడపిన పెద్దవారు ఉన్నచో అడిగి, పని తీరు వ్రాసికొనండి. పలక మరల చేసికొనవచ్చును. ఆ నేర్పు పోయినచో మరల పోతపోయుటకు వీలు లేదు.