కట్ట దారా, తారు రోడ్డా?

కుప్పానికి ఎగువన రామకుప్పం మండలం. అడవి అంచున మీ పల్లె. నీకు పదకొండేళ్లు. వీపున బడిసంచి, ముందు గెంతుతూ తొమ్మిదేళ్ల తమ్ముడు. అమ్మ చీకటితోనే టమోటా కోతకు పోయింది. మదనపల్లె మార్కెట్‌కు సరుకు వేళకు చేరాలి మరి. "తమ్ముడి చెయ్యి వదలొద్దు" అని రాత్రే చెప్పింది. వాడు పట్టుకోనిస్తేగా!

వాడిప్పుడు మావటి. వేపపుల్ల అంకుశం. దేవా మీద ఊరేగుతున్నాడు. దేవా అంటే 2025లో కర్ణాటక మనకిచ్చిన నాలుగు కుంకీ ఏనుగుల్లో ఒకటి. పొలాల్లోకి దిగిన అడవి ఏనుగుల్ని వెనక్కి మళ్లించడం కుంకీల పని. నీకు ఆ నాలుగింట్లోనే రంజన్‌ను ఇచ్చాడు, నువ్వూ ఎక్కావు. గట్టున పుంగనూరు ఆవు మేస్తోంది. ఈనిన ఆవే, అయినా తమ్ముడి ఛాతీ దాకా రాదు. ఆ జాతే అంత, మూడడుగుల లోపు. వాడి కథలో అది శత్రురాజు గుర్రం.

"అక్కా, మావటోడు ముందు గాలి జూడాల!" గుప్పెడు దుమ్ము వదిలాడు. అది చెరువు వైపు కొట్టుకుపోయింది.

చింతచెట్టు దగ్గర దారి చీలుతుంది. తారు రోడ్డు చుట్టూ తిరిగి పోతుంది. చెరువు కట్ట మీదుగా పోతే దగ్గరి దారి. గంట కొట్టే వేళవుతోంది. ఎటు?

కట్ట మీదికే నడిచావు.

పది అడుగులకే తమ్ముడి పాట ఆగింది. కోతకొచ్చిన రాగిచేను చాప పరిచినట్టు పడి ఉంది. సోలార్ కంచె మీదికి ఓ చెట్టు కూలింది. కరెంటు తీగ ముట్టుకోకుండా చెట్టును తోసి దాటడం ఏనుగులకు బాగా తెలుసు. ముత్తాతలకు ఈ బాధ లేదు. ఇటు ఏనుగులే లేవు. 1980ల్లో తమిళనాడు అడవుల నుంచి మందలు వచ్చి ఇక్కడే నిలిచిపోయాయి. 1990లో ఈ కొండల్ని కౌండిన్య అభయారణ్యం చేశారు. అడవికీ మీ చేనుకూ మధ్య ఉన్నది ఆ తీగే.

దారి మధ్యలో లద్దె. వంగి చెయ్యి దగ్గరగా పెట్టావు. వెచ్చగా ఉంది.

వెదురు విరిగిన చప్పుడు.

తమ్ముడు నీ చెయ్యి పట్టుకున్నాడు. వాడంతట వాడే.

పొదల్లో బూడిదరంగు. గోడ కాదు. చెవి ఆడింది.

ఒక్కటే. ఒంటరిది. ఒంటరి ఏనుగుకు కోపమెక్కువని నాయన చెప్పేవాడు.

పరుగెత్తాలా? అరవాలా?

దుమ్ము గుర్తొచ్చింది. గాలి అటే పోతోంది. మీ వాసన కూడా.

తొండం పైకి లేచింది.

తమ్ముడి నోటి మీద అరచెయ్యి పెట్టావు. ఒక అడుగు వెనక్కి. ఇంకొకటి. పుల్ల చిటుక్కుమంది. ఆగారు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మళ్లీ అడుగు. మళ్లీ. కట్ట దిగారు. చింతచెట్టు.

అప్పుడు పరుగు.

తారు రోడ్డు మీద పాలక్యాన్ల బండి. "మామా, చెరువు కాడ ఏనుగుండాది. ఒక్కటే." ఆయన బండి ఆపి ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తున్నాడు. "ఎట్ల తెలిసిందిమ్మా?" అంటే చెప్తావు: తీగ మీద చెట్టు, వెచ్చని లద్దె, గాలి ఎటుందో. ఆయన ఒక్కొక్కటీ ఫోన్లోకి చెప్తున్నాడు. అమ్మ నిన్ను ఏ ధైర్యంతో పంపుతుందో అడిగేవాళ్లు ఈ మాటలు వినాలి.

ఇంకో పని మిగిలింది. పక్క తండా పిల్లలు రోజూ ఈ వేళకే కట్ట మీదికి వస్తారు. గంట మోగేస్తోంది. నువ్వు బడికి పోలేదు. విరిగిన తుమ్మకొమ్మ ఈడ్చుకొచ్చి దారికి అడ్డం వేశావు. ముగ్గురు కనిపించారు.

"కట్ట మీద వద్దురా! ఏనుగు దిగిండాది!"

అయిదుగురూ తారు రోడ్డెక్కారు. ఆలస్యమైంది, అయినా ఎవరికీ తొందర లేదు. తొండం ఎంత పైకి లేచిందో తమ్ముడు వేపపుల్లతో చూపిస్తున్నాడు, ప్రతి మలుపుకీ అది ఇంకో మూరెడు పెరుగుతోంది.