పాలున్నయా?

సద్దుల బతుకమ్మ పొద్దు. సిద్దిపేటలో మా ఇంటి అరుగంతా తంగేడు, గునుగు కుప్పలే. గునుగు కట్టల్ని రంగులో ముంచి ముంచి మా అవ్వ చేతులు మోచేతుల దాకా గులాబీ అయ్యాయి. పక్కన మా అక్క బిడ్డ. వేల్స్‌లోని కార్డిఫ్‌లో నర్సు, మొన్ననే సెలవు మీద దిగింది.

"అమ్మమ్మా, షుమాయ్!"

"ఏందే, పిల్లిని పిలిచినట్టు?"

"మంచిగున్నవా అని అడిగిన. మా దిక్కు గట్లనే పలకరిస్తరు."

ఎవరు కలిసినా ముందు ఈ ఒక్క మాటైనా అనండని వేల్స్‌లో ఏటా అక్టోబరు 15న ఒక రోజే పెట్టుకున్నారు. పెట్టుకోక తప్పదు మరి. 2021 జనాభా లెక్కల్లో అక్కడి వెల్ష్ భాష వచ్చన్నవాళ్లు 5,38,000 మందే, నూటికి 18 మంది కూడా కాదు.

"అక్కడందరికి ఇంగ్లీషొస్తది గదా, నీకెందుకే ఇది?" అన్నాను.

"మతి తప్పిన ముసలమ్మలుంటరు మామా. ఇంగ్లీషు మరిచిపోతరు, చిన్నప్పటి మాటే మిగుల్తది. రాత్రిపూట చాయ్ అడిగితే సమజ్ కావాలె గదా."

"పాలున్నయా అని ఎట్లడుగుతరు?" అవ్వ కట్ట పక్కన పెట్టింది.

'ఓయ్స్', అంటే 'ఉన్నయా', అక్కడి వరకు బాగానే ఉంది. పాలకున్న పేరుకే నోరు తిరగదు. నాలుకను 'ల' దగ్గర ఆనించి, గొంతు కలపకుండా, పక్కల నుంచి గాలి ఊదాలి. నేను ఊదితే తుంపర్లు తంగేడు మీద పడ్డాయి. అవ్వకు దవడ పళ్లు లేవు. మొదటిసారికే సుయ్యిమంది.

"అచ్చం మా వార్డు ముసలమ్మ తీర్గనే అన్నవ్!"

జవాబు కూడా 'ఓయ్స్' అనే. ఉన్నయ్. మామూలు ప్రశ్నకు 'యెస్' లాంటి ఒకే మాట వెల్ష్‌లో లేదట, అడిగిన క్రియతోనే బదులివ్వాలట. తను వెల్ష్ నేర్చుకున్న క్లాసులో ఇంగ్లీషువాళ్లంతా ఇక్కడే తిప్పలు పడ్డారట. ఇదేం వింత? పాలున్నయా అంటే మన బజార్లో ఎవరైనా 'అవును' అంటారా? అన్నవాడు ఏ ఊరివాడో అని తేరిపార చూస్తాం.

"పోయొస్త అని ఎట్లంటరే?" అంది అవ్వ.

"హుయిల్."

"అండ్ల 'వస్త' ఉన్నదా?"

"లేదు."

"గట్లయితే నాకు మాత్రం తెలుగుల్నే చెప్పి పో."