పాత వీడియో గేము యంత్రాలు, గృహ కంప్యూటర్ల మరమ్మతు

పాత వీడియో గేము యంత్రాలు, గృహ కంప్యూటర్ల మరమ్మతు అనగా 1970ల చివరి నుండి 1990ల వరకు ఇళ్ళలోను, పాఠశాలల్లోను వాడిన ఆట యంత్రాలను, 8-బిట్, 16-బిట్ కంప్యూటర్లను తిరిగి పనిచేయించి, ఆపై చెడకుండా కాపాడే పని. రేడియో, టీవీ మరమ్మతుకు ఇది దగ్గరి బంధువు. టంకం పెట్టడం, మల్టీమీటరుతో వోల్టేజి కొలవడం, పలకపై (సర్క్యూట్ బోర్డు) గీతల వెంట లోపాన్ని వెదకడం రెండింటికీ సమానమే. తేడా ఏమిటంటే, ఈ యంత్రాలలోని ముఖ్యమైన చిప్పులు చాలావరకు ఇప్పుడు తయారు కావడం లేదు. అందువల్ల ఇక్కడ మరమ్మతు కంటే ముందు, ఉన్న చిప్పు కాలిపోకుండా చూడడమే అసలు పని.

వాడని యంత్రం చెడదు అన్నది ఒక అపోహ. ఇందులో కొన్ని విడిభాగాలు అటకమీద ఉన్నా ముసలివవుతాయి. పదేళ్ళు మూలన పడి ఉన్న యంత్రాన్ని తెచ్చి నేరుగా ప్లగ్గులో పెట్టడం వలన, అప్పటిదాకా బాగున్న చిప్పులు కూడా ఆ క్షణంలో పోవచ్చు.

తెలుగు నాట ఈ యంత్రాలు

హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. అయితే అది పరిశోధనశాలలకు ఉద్దేశించినది. సామాన్య విద్యార్థి చేతికి కంప్యూటరు అందినది 1984-85లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన "క్లాస్" పథకంతో. దేశమంతటా మొదట సుమారు 250 పాఠశాలలతో మొదలైన ఈ పథకంలో వాడినది బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన బీబీసీ మైక్రో. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ దీనినే యూనికార్న్ పేరుతో అందించింది. పూణేకు చెందిన డెసిబెల్స్ సంస్థ 1980ల చివర సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌ను డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మింది.

ఆట యంత్రాల సంగతి వేరు. జపానులో 1983లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్ళు 1990లలో భారతదేశమంతటా వ్యాపించాయి. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అమ్మిన ఆట పెట్టెలను జనం "టీవీ గేము" అనీ, వాటిలో పెట్టే గుళికలను "క్యాసెట్లు" అనీ పిలిచారు. తెలుగు నాట ఈ రోజు మరమ్మతుకు దొరికే పాత యంత్రాలలో ఎక్కువ ఇవే. బీబీసీ మైక్రో దొరకడం అరుదు.

బొగ్గు గనుల ప్రాంతంలో పరిస్థితులు

కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, దక్షిణాన మంచిర్యాల, గోదావరిఖని, రామగుండం వరకు విస్తరించిన సింగరేణి బొగ్గు బెల్టులో ఒక గని పట్టణం. ఎలక్ట్రానిక్ యంత్రాలకు ఇబ్బంది కలిగించే మూడు అంశాలూ ఈ ప్రాంతంలో కలిసి ఉంటాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, వానాకాలపు తేమ, ఉపరితల గనుల నుండి, బొగ్గు లారీల నుండి లేచే సన్నని ధూళి. బొగ్గు ధూళి పొడిగా ఉన్నపుడు పెద్దగా హాని చేయదు. తేమను పీల్చుకున్న తరువాత మాత్రం చిప్పు కాళ్ళ మధ్య సన్నని పొరలా అతుక్కొని విద్యుత్తు లీకు కావడానికి దారి ఇస్తుంది. ఊపిరాడనివ్వకుండా రంధ్రాలను మూసి, లోపలి వేడిని కూడా పెంచుతుంది. కాబట్టి ఇక్కడి యంత్రాన్ని తెరిచిన వెంటనే చేయవలసిన మొదటి పని దుమ్ము దులపడం. మెత్తని పొడి బ్రష్షుతో దులిపి, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తడి గుడ్డ పనికిరాదు.

ఈ ప్రాంతం నుండి, పక్కనున్న జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల నుండి చాలామంది గల్ఫ్ దేశాలకు పనికి వెళతారు. సౌదీ అరేబియాలో చాలాకాలం ఇళ్ళకు 127 వోల్టుల సరఫరా ఉండేది. అక్కడ కొన్న ఆట యంత్రాల అడాప్టరుపై 110 లేక 127 వోల్టులు అని మాత్రమే ఉంటే, దానిని ఇక్కడి 230 వోల్టులకు కలపరాదు. జపాను యంత్రాల అడాప్టర్లు 100 వోల్టులవి.

విద్యుత్ సరఫరా భాగం

పాత యంత్రాలను చంపేది ఎక్కువగా వాటి విద్యుత్ సరఫరాయే. యంత్రానికి కలపకముందే అడాప్టరు ఇచ్చే వోల్టేజిని, ధన రుణ ధ్రువాలను మల్టీమీటరుతో చూడాలి. ఫ్యామికామ్ అడాప్టరు 10 వోల్టుల డీసీ ఇస్తుంది, పిన్ను మధ్యభాగం రుణ ధ్రువం. అదే నింటెండో అమెరికాలో అమ్మిన ఎన్ఈఎస్ యంత్రపు అడాప్టరు ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఎన్ఈఎస్ లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ల వంతెన ఉంది, ఫ్యామికామ్‌లో లేదు. రెండు పిన్నులూ చూడడానికి సరిపోతాయి గనుక ఒకదానిది మరొకదానికి పెట్టి యంత్రాన్ని కాల్చుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు.

బీబీసీ మైక్రోలో పేరుమోసిన లోపం మరొకటి. దాని విద్యుత్ పెట్టెలో మెయిన్స్‌కు అడ్డంగా రీఫా అనే రకపు కండెన్సర్లు రెండు ఉంటాయి, ఒకటి 0.1, మరొకటి 0.01 మైక్రోఫారడ్. కాగితపు పొరలపై పారదర్శకమైన ప్లాస్టిక్ పూత ఉన్న ఈ కండెన్సర్లు వయసుతో పగుళ్ళు వారి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఏళ్ళ తరువాత కరెంటు ఇచ్చిన కొద్ది నిమిషాలకు వేడెక్కి, దట్టమైన పొగ, దుర్వాసనతో పగులుతాయి. కంప్యూటరు మాత్రం తరచుగా బాగానే ఉంటుంది. పరీక్షించడానికి ముందే వీటిని తీసి ఎక్స్-2 అని ముద్ర ఉన్న ఫిల్మ్ కండెన్సర్లు వేయడం మంచిది. ఎక్స్-2 రకం మెయిన్స్‌పై నేరుగా పనిచేసేలా పరీక్షించినది. దాని స్థానంలో మామూలు కండెన్సరు వేస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

కమోడోర్ 64 (1982) విద్యుత్ పెట్టె ఇంకొక రకం. లోపలి రెగ్యులేటరు చెడితే ఆగిపోవడానికి బదులు 5 వోల్టులు ఉండవలసిన చోట అంతకంటే ఎక్కువ పంపి మెమరీ చిప్పులను చంపుతుంది. పెట్టె లోపల గట్టిపడిన ఎపాక్సీ పోసి ఉంటుంది కనుక బాగుచేయడం కష్టం. కొత్త సరఫరాను వాడడమే ఉత్తమం. స్పెక్ట్రమ్‌లో (1982) కింది 16 కిలోబైట్ల మెమరీ చిప్పులకు +5, +12, -5 అని మూడు వోల్టేజీలు కావాలి. -5 పోయి మిగిలిన రెండూ ఉంటే ఆ చిప్పులు ఒకదాని వెంట ఒకటి పోతాయి. కాబట్టి స్పెక్ట్రమ్‌లో మెమరీ చిప్పులను మార్చేముందు వోల్టేజీలను తయారుచేసే ట్రాన్సిస్టరునూ, చుట్టనూ చూడాలి. అలా చూడకుండా కొత్త చిప్పులు వేస్తే అవీ పోతాయి.

టీవీ గేము పెట్టెల్లో వోల్టేజిని 5కు దించేది 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటరు. 9 వోల్టులను 5కు దించినపుడు మిగిలిన 4 వోల్టులు వేడిగా మారతాయి. యంత్రం 0.4 ఆంపియర్లు తీసుకుంటే ఆ వేడి 1.6 వాట్లు. అల్యూమినియం రేకు సరిగా బిగించి లేకపోతే రామగుండం ఎండాకాలంలో ఈ భాగం వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ఆట మధ్యలో ఆగి, కాసేపటికి మళ్ళీ పనిచేస్తూ ఉంటే మొదట అనుమానించవలసినది దీనినే. ఇది కొన్ని రూపాయలకే ఏ రేడియో మెకానిక్కు దగ్గరైనా దొరికే భాగం.

బ్యాటరీలు, కండెన్సర్లు

286, 386 తరపు కంప్యూటర్ల పలకలపై, అమిగా 500 ప్లస్, అమిగా 2000లలో గడియారం కోసం చిన్న పీపా ఆకారంలో నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఇది కారినపుడు బయటకు వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. పలకపై పచ్చగా, నీలంగా పాకి రాగి గీతలను తినేస్తుంది. బ్యాటరీని కత్తిరించి తీసివేయాలి. ఆ చోటును పలుచని వెనిగర్‌తో తుడిచి క్షారాన్ని తటస్థం చేసి, డిస్టిల్డ్ వాటరుతో కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి. తెగిన గీతలను సన్నని తీగతో కలపవచ్చు. ఇతర లోపాలకు కొంత గడువు ఉంటుంది, దీనికి ఉండదు. పెట్టె తెరిచిన రోజే బ్యాటరీ తీసివేయడం తప్పనిసరి.

ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలో ద్రవం ఉంటుంది. వేడికి అది ఎండిపోయి చిత్రంలో గీతలు, ధ్వనిలో గుర్రుమనే శబ్దం వస్తాయి. సెగా గేమ్ గేర్ (1990) వంటి చేతి యంత్రాలలో చిన్న కండెన్సర్లు కారి పలకను కూడా పాడుచేస్తాయి. కొత్తవి వేసేటపుడు ధ్రువాలు తారుమారు కారాదు, వోల్టేజి పాతదానికి తగ్గరాదు. 105 డిగ్రీల రకాన్ని ఎన్నుకుంటే మన ఎండలకు మేలు.

క్యాసెట్లు, నల్ల బొట్టు చిప్పులు

ఆట మొదలు కాకపోతే క్యాసెట్టు తీసి లోపలికి ఊదడం ఒక తరానికంతటికీ అలవాటు. పనిచేసినట్లు అనిపించేది ఊదడం వల్ల కాదు, తీసి మళ్ళీ పెట్టడం వల్ల. ఊపిరిలోని తేమ రాగి పళ్ళను తుప్పు పట్టిస్తుంది. ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో రెండువైపులా తుడవడం సరైన పద్ధతి. మొండి మురికికి పెన్సిలు రబ్బరును మెల్లగా వాడవచ్చు. ఫ్యామికామ్, దాని నకళ్ళ క్యాసెట్లకు 60 పళ్ళు ఉంటాయి.

నకలు యంత్రాన్ని తెరిచినపుడు చూడవలసిన ముఖ్య విషయం ఒకటుంది. మొదటి నకళ్ళలో ప్రధాన చిప్పులు 40 కాళ్ళతో, యూఎంసీ సంస్థ చేసిన యూఏ6527, యూఏ6538 వంటి సంఖ్యలతో ఉండేవి. వీటిని తీసి మరొక పాత పలక నుండి మార్చవచ్చు. తరువాత వచ్చిన చవక యంత్రాలలో మొత్తం యంత్రాన్ని ఒకే చిప్పుగా చేసి, పలకకే అతికించి, పైన నల్లని ఎపాక్సీ బొట్టు వేశారు. ఆ బొట్టు కింద లోపం ఉంటే మరమ్మతు లేదు. అలాంటి యంత్రాలలో రెగ్యులేటరు, కండెన్సర్లు, స్ఫటికం, స్విచ్చులు, జాయ్‌స్టిక్కు తీగలు, క్యాసెట్టు పెట్టే పట్టి మాత్రమే మార్చదగినవి. అదృష్టవశాత్తు తరచుగా చెడేవి కూడా ఇవే. బొట్టు ఉన్నదని యంత్రాన్ని తుక్కులో పడేయడం తొందరపాటు.

చిత్రం నలుపు తెలుపుల్లో వస్తే అది లోపం కాకపోవచ్చు. భారతదేశపు టీవీ పద్ధతి పాల్, జపాను యంత్రాలది ఎన్‌టీఎస్‌సీ. పాత పాల్ టీవీ ఆ రంగును చదవలేదు. అలాగే బాతులను కాల్చే ఆట తుపాకి ఎల్‌సీడీ టీవీతో పనిచేయదు. ట్రిగ్గరు నొక్కగానే యంత్రం తెరను నల్లగా చేసి, తరువాత బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం చూపుతుంది. తుపాకి ఆ వెలుగును ఆ క్షణంలోనే పట్టుకోవాలి. కొత్త టీవీలు చిత్రాన్ని కొంత ఆలస్యంగా చూపుతాయి గనుక గురి ఎంత సరిగా ఉన్నా దెబ్బ తగలదు. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఒక్కటే దీనికి మార్గం.

టేపులు

గృహ కంప్యూటర్ల ప్రోగ్రాములు మామూలు ఆడియో క్యాసెట్లపై ఉండేవి. బీబీసీ మైక్రో సెకనుకు 1200 బిట్ల వేగంతో వీటిని చదివేది. ప్రోగ్రాము ఎక్కకపోతే కంప్యూటరు కంటే ముందు టేపురికార్డరును చూడాలి. హెడ్డు మురికి, సాగిన రబ్బరు బెల్టు, హెడ్డు వంపు మారడం, ఈ మూడింటిలో ఒకటి కారణమై ఉంటుంది. హెడ్డు పక్కనున్న చిన్న మరను తిప్పుతూ ధ్వని స్పష్టంగా వినిపించేవరకు సరిచేయవచ్చు. పాటల టేపురికార్డర్లను బాగుచేసినవారికి ఇది తెలిసిన పనే. టేపు ఒకసారి చదవబడితే దానిని ధ్వని ఫైలుగా దాచుకోవాలి. యంత్రానికి మరొక యంత్రం దొరకవచ్చు, ఒక విద్యార్థి 1980లలో రాసుకున్న ప్రోగ్రాముకు రెండవ ప్రతి ఉండదు.

జాగ్రత్తలు

స్విచ్ మోడ్ విద్యుత్ పెట్టెల్లో 230 వోల్టుల ఏసీ సుమారు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కండెన్సరులో నిలుస్తుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది షాకు ఇవ్వగలదు. రంగుల పిక్చర్ ట్యూబులో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. విద్యార్థులు టీవీ వెనుక మూత తీసే పనిని అనుభవజ్ఞుడైన టీవీ మెకానిక్కుకు వదలడం మంచిది. పాత టంకంలో సీసం ఉంటుంది కనుక గాలి ఆడేచోట పనిచేసి, చేతులు కడుక్కొని అన్నం తినాలి.

విడిభాగాలు

హైదరాబాదులో కోఠి వద్ద గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపొందిన చోటు. కండెన్సర్లు, రెగ్యులేటర్లు, స్ఫటికాలు అక్కడ దొరుకుతాయి. స్పెక్ట్రమ్ మెదడైన జడ్80 చిప్పు పాత రూపం తయారీని జైలాగ్ 2024లో ఆపివేసింది. ఫ్యామికామ్ ప్రాసెసరులో ధ్వని భాగం కూడా కలిసి ఉంటుంది గనుక దాని బదులు మామూలు 6502 చిప్పు పనిచేయదు. అరుదైన చిప్పులను కొనేటపుడు పాత సంఖ్యను చెరిపి కొత్త సంఖ్య ముద్రించిన నకిలీలు వస్తుంటాయి. పనిచేయని రెండు యంత్రాలను కలిపి ఒకటి చేయడం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. ఇక ఎందుకూ పనికిరాని పలకలను చెత్తలో కాల్చకుండా, 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్లకు ఇవ్వాలి.

భద్రపరచడం

వానాకాలంలో యంత్రాన్ని మూతగల డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచాలి. ప్లాస్టిక్ కవరు నేరుగా చుడితే లోపల తేమ నిలుస్తుంది. బ్యాటరీలు తీసివేసి, అడాప్టరును విడిగా పెట్టాలి. రెండు మూడు నెలలకొకసారి అరగంటపాటు నడిపితే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు మెరుగ్గా నిలుస్తాయి. పసుపు పచ్చగా మారిన పెట్టెలను 2008 నుండి ప్రచారంలోకి వచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడ్ పద్ధతితో ఎండలో తెల్లగా చేయవచ్చు. మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపిన బ్రోమిన్ సమ్మేళనాలు ఆ రంగుకు ఒక కారణమని చెబుతారు. ఇది అందానికే తప్ప యంత్రం పనితీరుకు అవసరం లేదు. అతిగా చేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.