చైన్ సా పన్ను కథ: ఒక పురుగు నేర్పిన పదును

చైన్ సా ని మొదట కనిపెట్టింది చెట్ల కోసం కాదు, కాన్పుల కోసం అని షార్ట్స్ లో మీరు చూసే ఉంటారు. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ లో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు డాక్టర్లు చేత్తో లాగే చిన్న గొలుసు రంపం వాడారు. ఒకరు కష్టమైన కాన్పులో, ఇంకొకరు జబ్బు చేసిన కీళ్ళ దగ్గర ఎముక కొయ్యడానికి. కానీ ఈ రోజు చెట్లు కోసే మిషన్ మీద తిరుగుతున్న పన్ను ఆ ఆసుపత్రి నుంచి రాలేదు. అది వచ్చింది అమెరికాలో ఒరెగాన్ అనే రాష్ట్రం నుంచి, ఒక పుచ్చు మొద్దులోంచి. ఆ పన్ను కథ తెలిస్తే, మీ చైన్ ఎందుకు కొయ్యట్లేదో కూడా తెలిసిపోతుంది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు చైన్ లేని రోజులకి వెళ్దాం. ఒరెగాన్, వాషింగ్టన్ అడవుల్లో చెట్లు ఎంత లావంటే ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద రంపం లాగేవాళ్ళు. ఆ రంపానికి రెండు రకాల పళ్ళు ఉండేవి. మొదటివి సూదిగా ఉండి, కోత రెండు పక్కలా చెక్క నారని గీసి తెంపేవి. రెండోవి రేకర్లు. ఇవి తెగిన నారని చిత్రిక పట్టినట్టు అడుగు నుంచి లేపి బయటికి లాగేసేవి. రేకర్ ఎత్తు, సూది పన్ను ఎత్తు కంటే వెంట్రుక మందాల్లో చెప్పుకునేంత తక్కువ ఉండాలి. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే.

ఈ పని అందరికీ వచ్చేది కాదు. అందుకే కలప క్యాంపుల్లో రంపాలకి ఆకురాయి పట్టడానికే ఒక మనిషి ఉండేవాడు. వెలుతురు బాగా పడే చోట కూర్చుని రోజంతా అదే పని. కోసేవాళ్ళలో చాలామందికి కూలి కోసిన కొలతని బట్టే. అంటే రంపం మొద్దుబారితే చెయ్యి నొప్పి ఒక్కటే కాదు, ఆ రోజు కూలి కూడా పోతుంది. రంపం బాగుందా లేదా అని వాళ్ళు ఎలా చూసేవారో తెలుసా? కింద పడిన పొట్టు చూసి. సేమియాలా పొడుగ్గా చుట్టలు చుట్టుకుని వస్తే పదును కుదిరినట్టు. పిండిలా రాలితే రంపం మళ్ళీ ఆకురాయి దగ్గరికే. ఈ ఒక్క పరీక్ష ఇప్పటికీ మారలేదు, గుర్తుపెట్టుకోండి.

తర్వాత మిషన్లు వచ్చాయి. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926 లో కరెంటుతో నడిచే చైన్ సా చేశాడు. బరువు 64 కిలోలు, ఇద్దరు పట్టుకోవాలి. 1927 లో ఎమిల్ లెర్ప్ పెట్రోల్ తో నడిచేది చేసి, దాన్ని పరీక్షించిన డోల్మార్ కొండ పేరే దానికి పెట్టాడు. ఇంజన్ కథ అందరూ చెప్తారు, నేను దాని మీద ఎక్కువ టైమ్ పెట్టను. అసలు ఇబ్బంది చైన్ లో ఉంది. అప్పటి చైన్లు పాత రంపాన్ని ముక్కలు చేసి గొలుసుగా అతికించినట్టు ఉండేవి. గీసే పళ్ళు, మధ్యలో రేకర్లు. మిషన్ కొత్తది, పన్ను మాత్రం పాతది. ఇంజన్ వేగానికి ఆ సూది మొనలు త్వరగా మొద్దుబారేవి. ఇక వాటికి ఒక్కొక్కదానికి ఆకురాయి పట్టాలంటే బోలెడు టైమ్ పట్టేది.

ఇక్కడ వస్తాడు జో కాక్స్. కలప కోసిన మనిషి, మిషన్ పని తెలిసిన మనిషి. ఈ చైన్లతో విసిగిపోయి ఉన్నాడు. 1946 లో ఒక పాత మొద్దులో బీటిల్ పురుగుని చూశాడు. మన చూపుడు వేలంత ఉంటుంది. ఆ మెత్తటి పురుగు గట్టి చెక్కలో నారకి అడ్డంగానూ నిలువుగానూ దారి చేసుకుంటూ పోతోంది. ఎలా? దానికి సూది పళ్ళు లేవు. వంకీ తిరిగిన రెండు దవడలు ఉన్నాయి, ఎడమొకటి కుడొకటి. అది గియ్యడం లేదు, చెక్కుతోంది.

కాక్స్ ఆ ఆకారాన్నే ఉక్కులో చేశాడు. 1947 నవంబర్ లో మొదటి చిప్పర్ చైన్ అమ్మకానికి వచ్చింది. పోర్ట్ లాండ్ లో ఆయన ఇంటి కింది గదిలో నలుగురు మనుషులతో మొదలైన పని అది. ఒరెగాన్ పేరుతో ఈ రోజు షాపుల్లో దొరికే చైన్ బ్రాండ్ అదే. ఇప్పటి దాదాపు ప్రతి చైన్ సా పన్నూ ఆ పురుగు దవడకి చుట్టమే.

నా దృష్టిలో కాక్స్ గొప్పతనం కోతలో కంటే సానలో ఎక్కువ ఉంది. ఆయన పన్ను పైభాగం, పక్కభాగం ఒకే ముక్క, వంపుగా కలిసి ఉంటాయి. ఆ వంపు లోపల గుండ్రటి ఆకురాయి ఒకసారి తోస్తే రెండు అంచులూ ఒకేసారి పదునెక్కుతాయి. క్యాంపులో ప్రత్యేకంగా ఒక పనిమంతుడు చేసే పని, కోసేవాడే మొద్దు మీద కూర్చుని చేసుకునేలా మారింది. కానీ తేలిక అయిన పనిలోనే తప్పులు కూడా తేలిగ్గా జరుగుతాయి కదా.

ఇప్పుడు మీ చైన్ తీసుకోండి. ఇంజన్ ఆపి, ప్లగ్ క్యాప్ తీసేసి, గ్లౌజులు వేసుకున్నాకే చెయ్యి పెట్టండి.

ముందు కింద పడిన పొట్టు చూడండి. చిన్న చిన్న పేళ్ళు రావాలి. పిండి వస్తోందంటే అంచు పోయింది. పన్నుని ఎండలోకి తిప్పి చూడండి. పదునైన అంచు మీద వెలుగు నిలబడదు. మొద్దుబారిన అంచు తెల్లటి గీతలా మెరుస్తుంది. రాయికో మేకుకో తగిలిన పన్ను మూల గుండ్రంగా అయిపోతుంది. ఆ మెరుపు పూర్తిగా పోయేదాకా ఆకురాయి పట్టాల్సిందే, సగంలో ఆపితే అసలు పట్టనట్టే లెక్క. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్న పన్నుతో మొదలుపెట్టి, మిగతా పళ్ళన్నీ దాని పొడవుకే తీసుకురండి.

ఆకురాయి సైజు ముఖ్యం. చిన్న మిషన్ల లో ప్రొఫైల్ చైన్ కి ఎక్కువగా 4 మిల్లీమీటర్లు, 0.325 పిచ్ చైన్ కి 4.8. మీ చైన్ డబ్బా మీద రాసి ఉన్నదే ఫైనల్. ఆకురాయి మందంలో ఐదో వంతు పన్ను పైకి కనిపించాలి. మరీ కిందికి దించితే అంచు కొక్కెంలా పలచబడి మొదట బాగా కోసి త్వరగా చచ్చిపోతుంది. మరీ పైకి పెడితే అంచు వెనక్కి వాలిపోయి చెక్కని పట్టుకోదు. చాలా చైన్లకి కోణం 30 డిగ్రీలు. లోపల నుంచి బయటికి తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి లాగేటప్పుడు ఆనించకూడదు.

కోత ఒక పక్కకి వంకర తిరుగుతోందా? కుడి పళ్ళు, ఎడమ పళ్ళు సమానంగా లేవు. ఏ పక్క పళ్ళు పొడవుగా, పదునుగా ఉంటే కోత అటు లాగుతుంది. మనకి ఒక చెయ్యి బలంగా ఉంటుంది కాబట్టి తెలియకుండానే ఒక పక్క ఎక్కువ అరగదీస్తాం. అందుకే ప్రతి పన్నుకీ ఇన్ని తోపులు అని లెక్క పెట్టుకోవాలి. అవి సమానం చేశాక కూడా వంకర పోతే, అప్పుడు గైడ్ బార్ అరిగిందేమో చూడండి.

ఇక చాలామందికి అర్థం కాని జబ్బు: పన్ను బ్లేడులా ఉంది, అయినా మిషన్ కొయ్యట్లేదు. పన్ను ముందు చిన్న మూపురంలా ఉంటుంది చూడండి, అది డెప్త్ గేజ్. చాలామంది దాన్ని ఇప్పటికీ రేకర్ అనే పిలుస్తారు. అది దేన్నీ లాగదు, పాత రంపం పేరు అలా ఉండిపోయిందంతే. వడ్రంగి చిత్రిక తెలుసు కదా? అడుగు నుంచి ఉలి ఎంత బయటికి వస్తే అంత మందం పొర లేస్తుంది. ఇక్కడ ఆ మూపురమే అడుగు. పన్ను పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది, కాబట్టి ఆకురాయి పట్టిన ప్రతిసారీ పన్ను ఎత్తు తగ్గుతుంది. మూపురం మాత్రం అలాగే ఉంటుంది. చివరికి రెండూ సమానమైపోతే పన్ను చెక్కకి తగలదు. రెండిటికీ తేడా చాలా చైన్లలో 0.65 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, అంటే ఆరేడు జెరాక్స్ కాగితాల మందం. మూడు నాలుగు సార్లు ఆకురాయి పట్టాక గేజ్ పట్టీ పెట్టి చూసి, చదును ఆకురాయితో తగ్గించుకోవాలి.

స్పీడ్ కోసం దాన్ని ఇంకా తగ్గించేవాళ్ళు ఉన్నారు. దయచేసి వద్దు. పన్ను చెక్కని లోతుగా కరిచి పట్టుకుంటుంది, మిషన్ గుంజుతుంది. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. దాన్నే కిక్ బ్యాక్ అంటారు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది.

2014 అక్టోబర్ 12 న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు, 2018 లో తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టినప్పుడు కోతకి వచ్చినవి శుభ్రమైన దుంగలు కావు. మట్టి, ఇసుక, తీగలతో కలిసి పడిన చెట్లు. అలాంటి చోట నలుచదరపు మూల ఉన్న ఫుల్ చిజిల్ చైన్ త్వరగా మొద్దుబారుతుంది. మూల కొంచెం గుండ్రంగా ఉండే సెమీ చిజిల్ కాస్త నెమ్మదిగా కోసినా ఎక్కువసేపు నిలబడుతుంది. కాక్స్ మొదట చేసిన పన్ను మూల కూడా గుండ్రమే.

బార్ అరుగుదల ఎలా చూడాలో వేరే ఎపిసోడ్ లో చూపిస్తాను. మీ చైన్ నుంచి పిండి వస్తోందో, పేళ్ళు వస్తున్నాయో కామెంట్ లో చెప్పండి. ఉంటాను ఫ్రెండ్స్.